నీలం చుక్క

అల్లం బస్తాలు ఎక్కించి
రాత్రి పదకొండుకి దాలినాయుడు వ్యాను తీసాడంటే
నాకింక నిద్దర లేదు.
ఉప్పు జాడీకి ఫోను జారేసి
అంట్లు తోముతూ చూస్తుంటాను.

సెమిలిగుడ దాటింది చుక్క.
పొట్టంగి కాడ టీకి ఆగింది.
అక్కడ పన్నెండు నిమిషాలు ఆగుద్ది, ప్రతిసారీ.
రెండు బీడీలకి అంతే పడుద్ది.
మానీసానన్నాడు.
మానీసినోడు పన్నెండు నిమిషాలు ఏటి చేస్తాడు?

మా అమ్మ వేగుచుక్క చూసి లేచేది.
నేను ఈ చుక్క చూస్తూ పడుకోను.

ఇది ఫోనులో పెట్టింది మా గుంట కుసుమ.
బడిలో ఒరియా, నాతో తెలుగు,
తండ్రితో రెండూ కలిపి కొట్టుద్ది.
"పైన ఉపగ్రహాలు తిరుగుతుంటాయే అమ్మా,
కనీసం నాలుగు కనపడాలి,
అప్పుడుగానీ ఫలానా చోటున్నాడని చెప్పదు" అంది.
అంటే నలుగురూ అంటేగానీ నమ్మదన్నమాట.
మా వీధిలో పారమ్మ ఒక్కర్తి అంటే చాలు.

సుంకి ఘాటులో టవర్ లేదు.
పైనున్న నలుగురికీ ఆడు కనపడతానే ఉంటాడట,
ఆ కబురు నాదాకా మోసుకొచ్చే నాథుడే లేడట.
చుక్క బూడిదరంగైపోద్ది.
'చివరిగా 43 నిమిషాల క్రితం' అని రాసుంటాది.
ఆ నలభై మూడు నిమిషాలూ
తోమిన గిన్నే మళ్ళీ తోముతాను.

మొన్న శ్రావణంలో, ముసురు రాత్రి,
చుక్క రోడ్డు ఒగ్గీసి లోయలోకి దిగిపోనాది.
రోడ్డుకి వేలెడు దూరం,
ఏ పేరూ రాయని పచ్చరంగులోకి.
నేనేసిన కేకకి
ఎదురింటి త్రినాథ్ పాణిగ్రాహి లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.
"కొండ పక్కన గురి తప్పుద్ది భావుజా, అది ఆయన కాదు"
అని పేపరు చదివినట్టు చెప్పాడుగానీ
ఫోను పట్టుకున్న చెయ్యి వణుకుతానే ఉంది.
తెల్లారగట్ల సాలూరు నుంచి ఫోను:
"ఏటి, నిద్దరోలేదేటి? ఇయ్యాల కూరేటి?"
ఆ రోజు తిట్టినట్టు
పెళ్ళయ్యాక ఎప్పుడూ తిట్టలేదు.

ఇంత చూసినదాన్ని
ఒక్క సంగతి తట్టలేదు.
ఆడి ఫోనులో నా చుక్క కూడా ఉంటాదని.
పొయ్యి, కుళాయి, కిరాణా కొట్టు,
మళ్ళీ పొయ్యి.
అందులో చూడ్డానికి ఏటుందిలే అనుకున్నాను.

ఇయ్యాల పొద్దున్న సాలూరు నుంచే:
"మంగళవారం కోరాపుట్ పెద్దాసుపత్రి కాడ
రెండున్నర గంటలున్నావు."
అడగడం కాదది. బస్తాలు లెక్కెట్టినట్టు.
"పన్ను" అన్నాను. "పీకించీసాను."
"పన్నుకి రెండున్నర గంటలా?"
"లైనుంది" అన్నాను.
ఆడింకేటీ అనలేదు.

నేనెక్కడున్నానో నలుగురూ చెప్పీసారు.
డాక్టరమ్మ కాగితం మీద ఏటి రాసిందో
ఆళ్ళకీ తెలీదు.
కాగితం బియ్యం డబ్బాలో ఉంది, అడుగున.

గంట పోయాక చూస్తే
విజయనగరం మార్కెట్టుకి పోవాల్సిన చుక్క
మొన ఇటు తిప్పుకుని ఉంది, కొండవైపు.
అల్లం దించాడో, ఎవడికైనా అయినకాడికి ఒదిలీసాడో.
సుంకి కాడ బూడిద.
మళ్ళీ నీలం.
పొట్టంగిలో పన్నెండు నిమిషాలు కాదుకదా
ఊపిరి పీల్చినంత సేపు కూడా ఆగలేదు.
నేను గిన్నెలు ముట్టలేదు.

సంత రోడ్డు. మా వీధి. మా కుళాయి మలుపు.
చుక్క మీదకి చుక్క ఎక్కి
ఏది ఎవరిదో తెలీకుండా పోనాది.
ఫోను బోర్లించి తలుపు తీసాను.

ఒళ్ళంతా అల్లం వాసన.
చెప్పులైనా ఇప్పకుండా
జేబులోంచి టార్చి తీసి
"ఏదీ, నోరు తెరు" అన్నాడు.